ఇన్వర్టర్ మార్చేముందు అది ఎప్పుడు ఆగుతోందో రాసుకోండి

ప్రశ్న: మాది ఉదయగిరి మండలం. ఊరికి దూరంగా నిమ్మతోటలో ఇల్లు కట్టుకున్నాం. కరెంటు స్తంభాలు మాకు రెండు కిలోమీటర్ల అవతలే ఆగిపోయాయి. నాలుగేళ్ళ కిందట 335 వాట్ల ప్యానెళ్ళు ఆరు, 24 వోల్టుల 3 కేవీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు పెట్టించాం. రెండు ఫ్యాన్లు, లైట్లు, టీవీ, చిన్న ఫ్రిజ్, 1 హెచ్‌పీ బోరు మోటారు నడవాలి. మోటారు వేస్తే ఒక్కోసారి ఇల్లంతా ఆరిపోతోంది. ఎండాకాలం మధ్యాహ్నం దానంతటదే ఆగి, గంట తర్వాత దానంతటదే వస్తోంది. తెల్లవారుజామున మూడు గంటలకల్లా కూత మొదలుపెట్టి ఆగిపోతోంది. బోర్డు ఇప్పటికి రెండుసార్లు కాలింది. ఇక ఇది పనికిరాదు, 5 కేవీఏ వేసుకోండి అంటున్నాడు మెకానిక్. ఫ్రిజ్‌లో మా అత్తగారి ఇన్సులిన్ ఉంటుంది, రాత్రిపూట అదే టెన్షన్. ఏ ఇన్వర్టర్ నమ్మకమైనది? సబ్సిడీ ఏమైనా వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, 5 కేవీఏకి ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదనుకుంటాను. ఇవ్వకండి. కనీసం రెండు వారాలు ఆగండి. మీ బాధలన్నిటికీ ఇన్వర్టర్ చిన్నదవడమే కారణమని మెకానిక్ తేల్చేశాడు. నాకు అలా అనిపించడం లేదు. మోటారు వేసినప్పుడు ఒకలా, మధ్యాహ్నం ఒకలా, తెల్లవారుజామున ఇంకోలా ఆగుతోందంటే మూడు వేర్వేరు కారణాలు ఉన్నట్టే. వాటిలో ఇన్వర్టర్ తప్పు ఎంతో ఇంకా తేలలేదు. కొత్తది తెచ్చి అదే గోడకు, అవే తీగలకు, అవే బ్యాటరీలకు తగిలిస్తే అదీ ఇలాగే ఆగుతుంది, ఇలాగే కాలుతుంది.

ముందు ఇన్వర్టర్ పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీయండి. ఆగిన ప్రతిసారీ టైము ఎంత, అప్పుడు ఏమేం నడుస్తున్నాయి, డిస్‌ప్లే మీద ఏ నంబరు వచ్చింది, బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపిస్తోంది, ఇవి రాయండి. ఓవర్‌లోడ్ అయినా, బ్యాటరీ దిగినా, వేడెక్కినా, ప్యానెల్ వోల్టేజీ ఎక్కువైనా ఒక్కోదానికి ఒక్కో నంబరు వస్తుంది. దేనికేదో ఇన్వర్టర్‌తో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఉంటుంది. రీసెట్ కొడితే ఆ నంబరు పోతుంది కాబట్టి ముందు ఫోనులో ఫొటో తీసి, ఆ తర్వాతే ముట్టుకోండి. ఎంత మంచి మెకానిక్ అయినా మీ తోటలో తెల్లవారుజాము మూడింటికి కూర్చుని చూడలేడు. ఆ సమాచారం మీరే ఇవ్వాలి.

ఇక మోటారు సంగతి. 1 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు వెయ్యి, పదకొండు వందల వాట్లు లాగుతుంది. అది ఇబ్బంది కాదు. స్టార్ట్ అయ్యే ఆ ఒక్క క్షణంలో దానికి మూడు నాలుగు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కరెంటు కావాలి. మీది 24 వోల్టుల సిస్టమ్ కాబట్టి ఆ క్షణంలో బ్యాటరీ తీగల్లో నూట యాభై, రెండు వందల ఆంపియర్లు పారాలి. సన్న పైపుకు పెద్ద ఇంజిను బిగించినట్టు, తీగ సన్నదైతే అక్కడే అంతా ఆగిపోతుంది. లెక్క చెప్తాను. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య మూడు మీటర్ల దూరంలో 10 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేశారనుకోండి. 200 ఆంపియర్ల దగ్గర, పోనూ రానూ కలిపి ఆ తీగ ఒక్కటే 2 వోల్టుల పైన తినేస్తుంది. ఆ దెబ్బకు బ్యాటరీ కూడా ఓ వోల్టున్నర దిగుతుంది. 25 వోల్టులు కాస్తా ఇన్వర్టర్ దగ్గరికి వచ్చేసరికి 21.5 లోపుకు పడిపోతాయి. చాలా ఇన్వర్టర్లు అక్కడ బ్యాటరీ అయిపోయిందనుకుని కట్ చేసేస్తాయి. అదే తీగ 35 చదరపు మిల్లీమీటర్లది అయితే పోయేది ముప్పావు వోల్టు కూడా ఉండదు.

ఇది మీరే చూడొచ్చు. ఒక మల్టీమీటర్, ఒక తోడు మనిషి చాలు. చేతికున్న గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. బంగారు గాజు బ్యాటరీ రెండు టెర్మినళ్ళకూ తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చేయి కాల్చేస్తుంది. మీటర్‌ను డీసీలో పెట్టి, ఇన్వర్టర్‌కు ఎరుపు, నలుపు తీగలు బిగించిన నట్ల మీదే రెండు మొనలూ ఆనించండి. తోడున్నవాళ్ళు మోటారు స్టార్టర్ నొక్కాలి. అంకె ఎంతకు పడుతుందో, మోటారు నడుస్తుండగా ఎంత దగ్గర నిలుస్తుందో రాసుకోండి. మళ్ళీ ఇదే పని మొనలు బ్యాటరీల టెర్మినళ్ళ మీద పెట్టి చేయండి. మీవి రెండు బ్యాటరీలు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉన్నాయి కాబట్టి ఇన్వర్టర్‌కు తీగలు వెళ్ళే మొదటిదాని ప్లస్, రెండోదాని మైనస్ పట్టుకోవాలి. మోటారు నడుస్తున్నంతసేపు ఈ రెండు చోట్ల అంకెల మధ్య తేడా 0.2 వోల్టు లోపు ఉండాలి. అర వోల్టు ఉందంటే తప్పు తీగదో, తీగ చివర బిగించే లోహపు లగ్గులదో, మధ్యలో ఉన్న ఫ్యూజుదో. అలాకాక బ్యాటరీ దగ్గరే 22 లోపుకు పడిపోతోందంటే బ్యాటరీలు అయిపోయాయి. రెండు చోట్లా వోల్టేజీ బాగానే ఉండి కూడా ఓవర్‌లోడ్ అని ఆగితే అప్పుడు మెకానిక్ మాట నిజం, ఇన్వర్టర్‌కు ఆ మోటారును లేపే శక్తి లేదు.

లగ్గుల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే బోర్డులు కాలడానికి నేను ఎక్కువగా చూసే కారణం ఇదే. ప్యానెళ్ళ స్విచ్ కట్టేసి, తర్వాత ఇన్వర్టర్ ఆపి, ఆ తర్వాత బ్యాటరీ తీగ విప్పి చూడండి. తీగ చివర ఉండే లగ్గును సుత్తితో కొట్టి బిగించారా, క్రింపింగ్ మెషీన్‌తో నొక్కారా? సుత్తితో కొట్టినదైతే లోపల పోగులు వదులుగా ఉంటాయి, అక్కడ వేడెక్కి పైనున్న ప్లాస్టిక్ గోధుమరంగుకో నలుపుకో తిరిగి ఉంటుంది. వదులు లగ్గు దగ్గర వోల్టేజీ పడేకొద్దీ అదే పనికి ఇన్వర్టర్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, బోర్డు మీద ఆ కరెంటును మోసే మాస్‌ఫెట్లనే భాగాలు కాలిపోతాయి. మెకానిక్ బోర్డు మారుస్తాడు, లగ్గు అలాగే ఉంటుంది, కొన్నాళ్ళకు మళ్ళీ కాలుతుంది. పెద్ద బ్యాటరీ షాపుల్లో మెషీన్‌తో నొక్కిన తీగలు కొలత చెప్తే చేసిస్తారు. రెండు తీగలూ వీలైనంత పొట్టిగా చేయించుకోండి. తిరిగి కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెళ్ళు చివర. సముద్రం వైపు, అల్లూరు, విడవలూరు దగ్గర రొయ్యల గుంటల కాడ షెడ్లలో ఇన్వర్టర్ పెట్టుకున్నవాళ్ళూ ఇది చదువుతుంటే, ఉప్పు గాలికి లగ్గుల మీద పచ్చగా పూసే చిలుము మీకు అదనపు బాధ. తుడిచి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

తీగలు సరిచేశాక కూడా నేను ఇచ్చే అసలు సలహా వేరే. మోటారును బ్యాటరీ మీద నుంచి తప్పించండి. మీ ఆరు ప్యానెళ్ళు కలిపి 2 కిలోవాట్లు. మన వైపు ఎండకు మంచి రోజున దాదాపు 8 యూనిట్లు వస్తాయి. మీ బ్యాటరీలు రెండూ కొత్తగా ఉన్నప్పుడు సైతం దాచగలిగేది 3.6 యూనిట్లు, అందులో బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగింది సగం, అంటే 1.8. మధ్యాహ్నానికల్లా బ్యాటరీలు నిండిపోతాయి, ఆ తర్వాత వచ్చే ఎండ వృథా. ఆ ఎండతో నీళ్ళు తోడి ట్యాంకు నింపుకోండి. నీళ్ళు ట్యాంకులో ఎన్నాళ్ళయినా ఉంటాయి. ఇప్పటికిప్పుడు పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది, మోటారును పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు లోపలే వేయడం. ఆ టైములో నడిచే కరెంటు నేరుగా ప్యానెళ్ళ నుంచి వస్తుంది, బ్యాటరీ మీద ఆ మొదటి క్షణం బరువే పడుతుంది. కాస్త డబ్బు చేతికి వచ్చాక బోరుకు విడిగా సోలార్ పంపు పెట్టించండి. 1 హెచ్‌పీకి సుమారు 1000 నుంచి 1200 వాట్ల ప్యానెళ్ళు, ఒక కంట్రోలర్. బ్యాటరీ అక్కర్లేదు. కంట్రోలర్ మోటారును నెమ్మదిగా వేగం పెంచుతూ లేపుతుంది కాబట్టి ఆ దెబ్బే ఉండదు. మోటారు పక్కకు పోతే మీ ఇంటికి 5 కేవీఏ అవసరమే రాదు.

మధ్యాహ్నం ఆగడం చాలావరకు వేడి వల్లే. ఆగి, చల్లబడ్డాక దానంతటదే లేవడం దాని గుర్తు. రోహిణి కార్తెలో రేకుల గదిలో వేడి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. చాలా ఇన్వర్టర్లు 40, 45 డిగ్రీలు దాటితే శక్తి తగ్గించుకుంటాయి, ఇంకా పెరిగితే ఆగిపోతాయి. ఉత్తరం వైపు గోడకు, చుట్టూ జానెడు ఖాళీ వదిలి బిగించండి. బ్యాటరీలకు సరిగ్గా పైన మాత్రం పెట్టకండి, యాసిడ్ ఆవిరి బోర్డును తినేస్తుంది. లోపలి ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి, దుమ్ము ఊడ్పించండి. ఇంకొకటి, తోట ఇళ్ళలో బల్లులు, చీమలు వెచ్చదనానికి ఇన్వర్టర్‌లో దూరుతాయి. బల్లి రెండు పిన్నుల మధ్య పడితే బోర్డు కాలుతుంది. మీ కాలిన బోర్డులో అలాంటిదేమైనా కనిపించిందా అని మెకానిక్‌ను అడగండి. గాలి రంధ్రాలకు గాలి ఆడే సన్నటి జాలీ కట్టించండి, గుడ్డ మాత్రం కప్పకండి. మూత మీరు తీయొద్దు. స్విచ్ ఆపాక కూడా లోపల కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

తెల్లవారుజాము మూడింటి కూతకు కారణం మాత్రం లెక్కలోనే దొరుకుతుంది. మామూలు ఫ్యాను 75 వాట్లు. రెండు ఫ్యాన్లు తొమ్మిది గంటలు తిరిగితే 1.35 యూనిట్లు. ఫ్రిజ్ రాత్రికి అర యూనిట్ దాకా. లైట్లు కొంచెం. ఇక ఎవరూ లెక్కలో వేయనిది, ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఆన్‌లో ఉండడానికే 3 కేవీఏది 50 వాట్ల దాకా తింటుంది. పన్నెండు గంటలకు 0.6 యూనిట్. అన్నీ కలిపితే రెండున్నర. మీ దగ్గర ఉన్నది 1.8, నాలుగేళ్ళు వాడిన బ్యాటరీలు కాబట్టి అది కూడా ఉండదు. 5 కేవీఏ పెడితే అది ఖాళీగా తినేది ఇంకా పెరుగుతుంది, కూత మూడింటికి బదులు రెండింటికే మొదలవుతుంది. దీనికి బదులు రెండు ఫ్యాన్లూ తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకంవి వేయండి. ఒక్కోటి మూడు వేల రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది, 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రాత్రికి 0.8 యూనిట్ మిగులుతుంది. ఈ ఉత్తరంలో నేను చెప్పే వాటిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే.

బ్యాటరీలను కూడా పరీక్ష చేయించండి. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో పన్నెండు సెల్లులూ విడివిడిగా చూడాలి. నిండిన ట్యూబులర్ బ్యాటరీ 1240 దగ్గర చూపిస్తుంది. అన్నీ సమానంగా తక్కువ ఉంటే చార్జింగ్ చాలడం లేదు. ఒక్క సెల్లు మాత్రం బాగా తక్కువుంటే ఆ బ్యాటరీ పోయినట్టే. చార్జింగ్ చాలకపోతే ఇన్వర్టర్ సెట్టింగుల్లో బ్యాటరీ రకం ఏది పెట్టారో చూడండి. చాలావాటికి ఫ్యాక్టరీ నుంచి సీల్డ్ బ్యాటరీ సెట్టింగే వస్తుంది, బిగించినవాళ్ళు మార్చరు. మీకు ట్యూబులర్ సెట్టింగ్ కావాలి, చార్జింగ్ 28.8 వోల్టుల దాకా వెళ్ళాలి. నీళ్ళు డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏవీ పోయొద్దు. మన మెట్ట ప్రాంతపు బోరు నీళ్ళలో ఉన్న లవణాలకు బ్యాటరీ త్వరగా పోతుంది.

అత్తగారి ఇన్సులిన్ గురించి దిగులు పడకండి. మధ్యాహ్నం ఎండ మిగులుతున్నప్పుడు ఫ్రీజర్‌లో రెండు మూడు సీసాల నీళ్ళు గడ్డ కట్టనివ్వండి. రాత్రి పడుకోబోయేముందు వాటిని కింది అరలోకి మార్చి తలుపు తీయకుండా ఉంచితే, మూడింటికి కరెంటు పోయినా తెల్లారేదాకా లోపల చల్లగానే ఉంటుంది. ఇన్సులిన్ డబ్బాను మాత్రం ఆ గడ్డలకు తగలనివ్వకండి, ఫ్రీజర్‌కు దగ్గరగా పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చిన్న థర్మామీటర్ ఒకటి ఫ్రిజ్‌లో పడేస్తే మీకు నిశ్చింత.

ఇవన్నీ అయ్యాక కూడా ఇన్వర్టర్ మార్చాల్సి వస్తే ఏది కొనాలి? కంపెనీ పేరు కంటే ముందు చూడాల్సినవి చెప్తాను. డబ్బా మీద కేవీఏ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, వాట్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. 3 కేవీఏ అన్నది 2400 వాట్లే కావచ్చు, వాట్లు చూడండి. మోటారు దీనిమీదే ఉంచుతారా, అయితే లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకం తీసుకోండి. షాపులో రెండు చేతులతో ఎత్తి చూస్తే తెలిసిపోతుంది, ఒకరు ఎత్తడానికి కష్టపడేంత బరువుంటుంది. మోటార్లు లేచేటప్పటి దెబ్బను అది కొన్ని సెకన్లు తట్టుకుంటుంది. ఒంటిచేత్తో ఎత్తేంత తేలికైనవి తక్కువ ధరకు వస్తాయి, ఫ్యాన్లకు ఫ్రిజ్‌కు బాగానే పనిచేస్తాయి, బోరు మోటారుకు నేను వాటిని నమ్మను. ఖాళీగా ఎన్ని వాట్లు తింటుందో స్పెసిఫికేషన్ కాగితంలో చూపించమనండి. చూపించకపోతే కొనకండి.

ఆరు ప్యానెళ్ళనూ దానికి ఎలా కలుపుతారో కూడా అడగాలి. మీ ప్యానెల్ ఒక్కోటి లోడు లేనప్పుడు 45, 46 వోల్టులు ఇస్తుంది, సరైన అంకె వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. మూడు సిరీస్‌లో పెడితే 138. ఇన్వర్టర్ పరిమితి 145 అయితే డిసెంబరు పొద్దున చలికి వోల్టేజీ ఇంకా పెరిగి అంచుకు చేరుతుంది. చలికాలం ఎండ పడగానే ఆగిపోయే ఇన్వర్టర్ల కథ ఇదే. పరిమితికీ మీ లెక్కకూ మధ్య పది శాతమన్నా ఖాళీ ఉండాలి.

మెకానిక్ చెప్పిన 5 కేవీఏ 48 వోల్టులది అయితే మీ రెండు బ్యాటరీలు చాలవు, నాలుగు కావాలి. నాలుగేళ్ళ పాతవాటికి రెండు కొత్తవి కలిపితే పాతవి కొత్తవాటిని కూడా లాగేస్తాయి. అంటే నాలుగూ కొత్తవే. ఆ ఖర్చు మీకు ముందే చెప్పాడా? బ్యాటరీలు కొనాల్సి వస్తే మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ కాకుండా సీ10 అని రాసి ఉన్న సోలార్ బ్యాటరీ తీసుకోండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టగలిగితే ఇంకా మంచిది, ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు, నీళ్ళు పోసే పని ఉండదు. కానీ రేకుల గదిలో మాత్రం కాదు, వేడికి అదీ త్వరగా ముసలిదవుతుంది.

జనరేటర్ ఇన్‌పుట్ ఉన్న ఇన్వర్టరే తీసుకోండి. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు పెడితే ఎంత మంచి సోలారైనా చేతులెత్తేస్తుంది. అప్పుడు అద్దెకు తెచ్చిన చిన్న పెట్రోలు జనరేటర్‌తో రోజుకు రెండు మూడు గంటలు చార్జింగ్ పెట్టుకోవచ్చు. పిడుగుల కోసం ప్యానెళ్ళ వైపు, ఇంటి వైపు రెండు చోట్లా సర్జ్ ప్రొటెక్టర్లు, సరైన ఎర్తింగ్ ఉండాలి. ప్యానెళ్ళ లైనులో డీసీ ఎంసీబీయే వాడాలి. మామూలు ఇంటి ఎంసీబీ డీసీ మంటను ఆర్పలేదు.

నమ్మకం అన్నదానికి నా కొలత ఒకటే. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. బోర్డు కాలితే ఎవరు వస్తారు, ఎన్నాళ్ళకు వస్తారు, బోర్డు నెల్లూరులో దొరుకుతుందా, చెన్నై నుంచి తెప్పించాలా? ఈ మాటలు కొనేముందు సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి, అమ్మేవాణ్ణి కాదు. మీ మండలంలో అదే మోడల్ రెండు మూడు వేసవులుగా వాడుతున్న ఇల్లు ఒకటి చూపించమనండి. ఆ ఇంటికి వెళ్ళి మాట్లాడండి.

సబ్సిడీ విషయానికి వస్తే, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా ఇస్తున్నది కరెంటు లైనుకు కలిపే రూఫ్‌టాప్‌కే. లైనే లేని మీ ఇంటికి అది వర్తించదు. ఎవరైనా ఇప్పిస్తామని డబ్బు అడిగితే ఇవ్వకండి, అలా లైనుకు కలిపే ఇన్వర్టర్ అంటగడితే అది మీ తోటలో అసలు పనే చేయదు. అయితే లైను లేని చోట వ్యవసాయ సోలార్ పంపులకు పీఎం కుసుమ్ పథకంలో సాయం ఇస్తూ వచ్చారు. ఇంటి వాడకానికి కాకుండా నిమ్మతోట తడికే అని పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ తీసుకుని నెల్లూరులోని నెడ్‌క్యాప్ (సోలార్ లాంటి ఇంధనాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) ఆఫీసులో అడగండి. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారంటే పంపు సంగతి మీ చేతి డబ్బు ఎక్కువ పడకుండానే తేలిపోవచ్చు.